ప్రమాణ హస్తం

ఆగస్టు 4

ఈ డైరీ రహస్య పత్రం. దీనిని చదివే అధికారం ఒక్కరికే ఉంది, రాసేదీ ఆయనే. కనుక సంతకం అక్కరలేదు. చేసినా, ఈ మధ్య నా సంతకం బ్యాంకువారికి నచ్చడం లేదు. వారి దగ్గరున్న నమూనాలో ఏదో దోషం ఉంది.

ఈనాటి విశేషం. ఒకప్పుడు విజయనగరంలోని నా వ్యాయామశాలలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుని, పతకాలు రాక ఇంజినీరైన సంజయ్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. వస్తూ నల్లటి రబ్బరు తొడుగులు రెండు తెచ్చాడు. బరువులెత్తే ఇనుప బారుకు చేతులు పట్టుకునే చోట వీటిని చుట్టాలి. లోపల కాగితమంత పలచని సెన్సర్లు ఉన్నాయట. ఏ వేలు ఎంత గట్టిగా పట్టిందో, మొత్తం పట్టులో ఏ చేతి వాటా ఎంతో, ఫోనులో రెండు అరచేతుల బొమ్మల మీద రంగుల్లో కనిపిస్తుంది. సరైన పట్టు పచ్చన, తప్పుడు పట్టు ఎరుపు.

తప్పొప్పులు దానికెలా తెలుస్తాయని అడిగాను. మొదట ఒక మంచి లిఫ్టరు పట్టును దానికి చూపించాలట. ఆపైన అందరినీ ఆ పట్టుతో పోల్చి తీర్పు చెబుతుందట. అంటే దానికీ ఒక గురువు కావాలి. యంత్రం మీద నాకు గౌరవం కలిగింది.

ఇది సమయానికే వచ్చింది. అక్టోబరులో గుంటూరులో రాష్ట్ర జూనియర్ జట్టు ఎంపిక. నా శిష్యురాలు ఉషకు జూనియర్ వయసు ఈ ఏడాదితో సరి. ఇప్పుడు జట్టులోకి రాకపోతే జాతీయ పోటీ లేదు. జాతీయ పోటీ లేకపోతే క్రీడల కోటాలో రైల్వే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే చింతపల్లి తీరంలో వాళ్ళమ్మ దానమ్మ తల మీదున్న చేపల గంప ఈ పిల్ల తలకెక్కుతుంది. ఎక్కనివ్వనని నేను దానమ్మకు మాట ఇచ్చి ఉన్నాను. నా మాటకు ఇంతవరకు అప్పీలు లేదు.

ఆగస్టు 6

ప్రారంభోత్సవం జరిగింది. ఈ వ్యాయామశాలలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా నా చేతుల మీదుగానే మొదలవుతుంది. ఇనుప చక్రాలు, ఫ్యాన్లు, బరువు తూచే యంత్రం, చివరకు వెనకవైపు కట్టించిన మరుగుదొడ్డి కూడా అలాగే ప్రారంభమైంది. నేను ప్రార్థన చేశాను. నా సహాయకుడు త్రినాథ్ కొబ్బరికాయ కొట్టాడు. తొడుగులకు ఉభయ మతాల రక్షణ సమకూరింది.

మొదటి పట్టు ఎవరిదనే అంశం చర్చకు వచ్చింది. ఉష పట్టు తీసుకుందామని సంజయ్ సూచించాడు. ఈ వయసులో మీరు, అని ఇంకేదో ఎత్తుకుని తానే ఆగిపోయాడు. త్రినాథ్ వివాదాన్ని తేల్చేశాడు.

"గురువుగారు ఉండగా పిల్లదాని సెయ్యేటి, సంజయ్? ఆరి సెయ్యే మన కొలత."

అందరూ చప్పట్లు కొట్టారు. ఉష అందరికంటే గట్టిగా కొట్టింది. నేను బొటనవేళ్ళను వేళ్ళ కింద అదిమి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బారు పట్టాను. ఫోను చిన్నగా మోగింది. నా పట్టు ప్రమాణంగా నమోదైంది.

తెర చూసి సంజయ్, నా కుడిచేతికి ఈ మధ్య దెబ్బేమైనా తగిలిందా అని అడిగాడు. ఆ చెయ్యి ఈ జిల్లాకు తెచ్చిన పతకాలను అతనికి వరుసగా గుర్తుచేశాను. ప్రశ్న ఉపసంహరించబడింది.

ఆగస్టు 9

దిగ్భ్రాంతికరమైన ఫలితాలు. వ్యాయామశాలలో ఒక్కరి పట్టు కూడా సరైనది కాదు. చిన్నా పెద్దా, ఆడా మగా, అందరికీ ఒకటే రోగం: కుడిచేతి పట్టు మితిమీరి ఉంది. తెర మీద కుడి అరచేతులన్నీ జబ్బు చేసిన నాలుకల్లా ఎర్రగా ఉన్నాయి. ఉషది మరీను.

ఇన్నేళ్ళుగా నా కంటికి కనపడని లోపం ఇది. దీన్ని బట్టి యంత్రం ఎంత సూక్ష్మదృష్టి కలదో తెలుస్తోంది. నా దృష్టి ఇందులో చర్చనీయాంశం కాదు.

ఉత్తర్వు జారీ చేశాను: తెర పచ్చబడేవరకు అందరూ కుడిచేతి పట్టు సడలించవలెను. మినహాయింపులు లేవు.

ఆగస్టు 14

స్టేషను రోడ్డు హోటలువాళ్ళు టీ గ్లాసులు మార్చారు. కొత్తవి చేతిలో నిలవవు. నాణ్యత ఈ విధంగా క్షీణిస్తే ప్రజలు ఏమి తాగగలరు?

ఆగస్టు 20

ఉష ఎదురు చెప్పింది. ఆరేళ్ళలో ఇది మొదటిసారి కనుక నమోదు చేస్తున్నాను.

స్నాచ్‌లో బారును ఒకే ఊపున నేల నుంచి తల మీదికి లేపాలి. మధ్యలో పట్టు సవరించుకునే వ్యవధి ఉండదు. ఆ పిల్ల నాలుగుసార్లు లేపి, నాలుగుసార్లూ మధ్యలో వదిలేసింది. తర్వాత చేతులకు అంటిన చాక్ పొడి దులుపుకుంటూ నేలకేసి చూసి చెప్పింది.

"కుడి సెయ్యి వొదులుసేత్తే బారు తిరిగిపోతన్నాది సార్. నాకు భయం వేత్తన్నాది."

భయం శాస్త్రానికి అడ్డు కాదని చెప్పాను. పాత అలవాటు వదలడానికి కొంత కాలం పడుతుందని, ఆ కాలంలో ఎత్తే బరువు తగ్గడం సహజమని, పట్టు కుదిరాక బరువు దానంతట అదే పెరుగుతుందని వివరించాను. వివరణ బాగా వచ్చింది. నాకే నమ్మకం పెరిగింది.

"సరే సార్," అని మళ్ళీ బారు దగ్గరికి వెళ్ళింది. నేను చెబితే ఆ పిల్లకు అది చాలు. క్రమశిక్షణ అంటే ఇది.

ఆగస్టు 21

దర్జీలు చొక్కా గుండీలకు కాజాలు మరీ చిన్నవి కుడుతున్నారు. ఈ రోజు బొత్తాలు నా భార్య ప్రిస్కిల్లా పెట్టింది.

ఆగస్టు 30

ఘనవిజయం. ఉష కుడి అరచెయ్యి తెర మీద పూర్తిగా పచ్చబడింది. వ్యాయామశాల మొత్తంలో ప్రమాణానికి ఇంత దగ్గరగా వచ్చింది తనొక్కతే. చాక్లెట్లు పంచాను.

ఎత్తిన బరువు జులైలో ఎత్తినదానికంటే పది కిలోలు తక్కువ. ఇది తాత్కాలికం.

సెప్టెంబరు 7

ఆదివారం. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి మా అరుగు మీద దానమ్మ కూర్చుని ఉంది. ఖాళీ గంప పక్కన పెట్టుకుంది. ఉష హాస్టలు నుంచి ఫోను చేసి ఏడ్చిందట. ఎందుకేడ్చిందని నేను అడిగాను. అది తెలుసుకోడానికే వచ్చానని ఆమె అంది. మా ఇద్దరి మధ్య సమాచార లోపం ఉన్నట్టు గమనించాను.

యంత్రం గురించి ఆమెకు విపులంగా చెప్పాను. చివరివరకు ఓపికగా విని, కొంగు దోపుకుని లేచింది.

"అదంతా నాకు తెలీదు, మేస్టరు బాబూ. రైలు ఉజ్జోగం వస్తాదా, రాదా? రాదంటే ఇప్పుడే సెప్పీయండి, దసరా ఎల్తే గంపల రేటు పెరిగిపోతాది."

వస్తుందని చెప్పాను. గంప కొనవద్దని కూడా చెప్పాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, మీరు చెబితే ఇంకేం అని వెళ్ళిపోయింది. ప్రజల విశ్వాసం చెక్కుచెదరలేదు.

సెప్టెంబరు 12

ప్రిస్కిల్లా పాతికేళ్ళకు పైగా మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఉద్యోగం మానినా వార్డు మానలేదు. ఈ ఉదయం నా రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, కిటికీ తలుపు తెరిచి, కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడిపోయిందట. చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందా అని అడిగింది. ఎక్కడం లేదని చెప్పాను. ఎక్కుతోంది, అయితే స్కూటరు తోలేవారందరికీ ఎక్కుతుంది.

వైజాగ్ వెళ్ళి మెడకు స్కానింగ్ తీయించుకోవాలంది. చేతికి రోగమైతే మెడకు స్కానింగ్ ఎందుకని తర్కించాను.

"అంటే చేతికి రోగమని ఒప్పుకున్నారు," అంది.

సమావేశం వాయిదా పడింది.

సెప్టెంబరు 13

పెన్ను మార్చాను. పాతది జారుతోంది.

సెప్టెంబరు 19

గుంటూరు ఎంపికకు సన్నాహంగా ఈ రోజు వ్యాయామశాలలో నమూనా పోటీ జరిపాము. ఉష జులైలో నవ్వుతూ ఎత్తిన బరువునే మొదటి ప్రయత్నంగా నిర్ణయించాను.

బారు మోకాళ్ళు దాటి, నడుము దాటి, ఛాతీ దాటింది. తల దగ్గర కుడిచేతిలో తిరిగింది. ఎడమచెయ్యి ఒక్కటే పట్టుకుని ఉంది. ఆ పిల్ల మొత్తం ఒక పక్కకు మెలితిరిగిపోయింది. బారు వీపు వెనక పడింది. కింది చెక్క పలక విరిగింది. జానెడు ఇటు పడి ఉంటే విరిగేది పలక కాదు.

త్రినాథ్ పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను. ఆ పిల్ల నేల మీద కూర్చుని, ఏడవకుండా, పక్కన పడిన ఫోను తీసి నా ముందు పెట్టింది.

"మీరు సెప్పినట్టే పట్టేను సార్. సూడండి, పచ్చగానే ఉన్నాది."

ఉంది. రెండు అరచేతులూ వరిమడిలా పచ్చగా ఉన్నాయి.

సెప్టెంబరు 20

యంత్రం తప్పు. ఈ సంగతి ఫోనులో సంజయ్‌కి తీవ్రస్వరంతో తెలియజేశాను. అతను, పోలిక లేకుండా ఎవరి బలం వారికి కిలోల్లో చూపించే పేజీ ఒకటి ఉందని, అది ఎలా తెరవాలో చెప్పాడు. రేపు ఎవరూ లేనప్పుడు చూడండి సార్, అన్నాడు. ఎవరూ లేనప్పుడే ఎందుకని నేను అడగలేదు.

సెప్టెంబరు 21

ఏకసభ్య విచారణ సంఘం ఈ ఉదయం వ్యాయామశాలలో సమావేశమైంది. ఫిర్యాది, నిందితుడు, సాక్షి, న్యాయాధికారి, నలుగురూ హాజరు. తలుపు లోపల గడియ పెట్టబడింది.

మొదటి పరీక్ష. బారు పట్టగా, కుడిచేతి బలం ఎడమచేతి బలంలో సగం కూడా లేదు. తొడుగు పాడైందని సంఘం అభిప్రాయపడింది.

రెండో పరీక్ష. తొడుగులు విప్పి కుడిది ఎడమకు, ఎడమది కుడికి చుట్టాను. తొడుగుదే తప్పైతే ఇప్పుడు ఎడమచెయ్యి సగం కావాలి. కాలేదు. కుడిచెయ్యే సగం.

మూడో పరీక్ష. బారుకు అవతలివైపు నిలబడి పట్టాను. ఇటు నిలబడ్డా అటు నిలబడ్డా కుడిచెయ్యి నాతోనే వచ్చింది.

నాలుగో పరీక్షకు పద్ధతులు మిగలలేదు. అయినా పట్టాను. ఇంకా పట్టాను. చాక్ రాసుకుని పట్టాను.

తీర్పు. ఆగస్టు ఆరో తేదీన యంత్రానికి ప్రమాణంగా ఇచ్చిన చెయ్యి జబ్బుచెయ్యి. యంత్రం తప్పు చెప్పలేదు. నా చేతిని చూసి, లోకంలో చేతులన్నీ అలా ఉండాలని నమ్మింది. నేనూ అదే నమ్మాను. మా ఇద్దరిలో యంత్రానికి కొంత క్షమాభిక్ష ఉంది. అది నన్ను కొత్తగా ఎరుగును. ఉష కుడిచేతిని ఆరు వారాలు శ్రమపడి నా కుడిచెయ్యిలా తయారుచేశాను. శిక్షకుడుగా ఇంతటి కచ్చితమైన ఫలితం నేను ఎన్నడూ సాధించలేదు.

ఆరాధనకు వెళ్ళలేదు.

సెప్టెంబరు 22

రాయవలసింది లేదు.

సెప్టెంబరు 23

అందరినీ వరుసలో నిలబెట్టి ఆగస్టు తొమ్మిదో తేదీ ఉత్తర్వును రద్దు చేశాను. కారణం చెప్పకుండా రద్దు చేసే అధికారం నాకుంది. వరుసలో ఎవరూ కారణం అడగలేదు. త్రినాథ్ పైకప్పు చూశాడు. పిల్లలు నేల చూశారు. వీళ్ళలో కొందరికి ముందే తెలుసని అప్పుడు నాకు తెలిసింది. గురువు గనుక ఊరుకున్నారు. ఎంత గౌరవమంటే, నెలన్నరగా అందరూ కలిసి నన్ను కాపాడుకుంటూ, తమ పట్టు పోగొట్టుకుంటున్నారు.

కాబట్టి కారణం చెప్పాను. కుడిచెయ్యి పైకెత్తి చూపించి మరీ చెప్పాను. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు.

ఉష వరుస దాటి ముందుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే నిలబడ్డాను.

"గుంటూరికి ఇంక మూడు వారాలే ఉన్నాది సార్," అంది. "నా సెయ్యి నాకు తిరిగి వచ్చేత్తాది. కోపం ఉన్నాది, లేదనను. మీరు ఆసుపత్రికెల్లండి."

చాక్ డబ్బా తీసుకుని బారు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను సమావేశాన్ని ముగించకముందే ముగించింది.

సెప్టెంబరు 29

వైజాగ్. స్కానింగ్ అయింది. మెడ దగ్గర డిస్కు పక్కకు జరిగి, చేతికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందట. ప్రిస్కిల్లా నా వైపు చూడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చేసిన అతిపెద్ద ఉపకారం ఇదే.

ఆపరేషను తొందరగా చేయాలని, పోయిన బలంలో కొంతైనా తిరిగి వస్తుందని, ఆలస్యమైతే ఆ కొంత కూడా అనుమానమేనని డాక్టరు చెప్పాడు. అక్టోబరు పదిహేను ఖాళీ ఉందన్నాడు. అదే రోజు గుంటూరులో ఎంపిక. నవంబరులో చేయించుకుంటానని చెప్పాను. ఇన్నాళ్ళు ఆగిన నరం ఇంకొక నెల ఆగలేదా?

అక్టోబరు 5

దసరా సెలవులు వదులుకుని ఉష రోజూ వస్తోంది. సంజయ్ వచ్చి నా పట్టు తీసేసి, అందరి పట్లూ కలిపి సరాసరి కట్టాడు. దీనికి ప్రారంభోత్సవం జరపలేదు. ఉష తెర చూడడం మానేసింది. బరువు జులై నాటి దానికి చేరువవుతోంది, ఇంకా చేరలేదు.

గుంటూరుకు రైలు టిక్కెట్లు నా పేరుతో కూడా తీయమని త్రినాథ్‌కు చెప్పాను. ఈ మాట ఉష విన్నది. ప్రిస్కిల్లా ఆమెకు ఫోను చేసి ఉంటుందని నా అనుమానం, రుజువు లేదు.

"మీరు రావద్దు సార్," అంది.

శిక్షకుడు లేకుండా లిఫ్టరు పోటీకి వెళ్ళడం సంప్రదాయం కాదన్నాను.

"మీరొత్తే నాను బారు సూడను, మీ సెయ్యే సూత్తాను. ఆపరేసను మానీసి వొచ్చేరని అదే మనసులో ఉంటాది. మల్ల నాకు పట్టెక్కడ కుదుర్తాది? అలగైతే నానూ ఎల్లను."

నా జీవితంలో నాకు అందిన మొదటి మెమో ఇది. సమాధానం ఇచ్చుకోవడానికి గడువు కూడా ఇవ్వలేదు. టిక్కెట్టు రద్దు చేయించాను.

అక్టోబరు 14

ఆసుపత్రి. సాయంత్రం ఉష రైల్లోంచి ఫోను చేసింది. మొదటి ప్రయత్నానికి ఎంత వేయమంటారని అడిగింది. ఒక అంకె నోటి దాకా వచ్చింది. నీకెంత నమ్మకముంటే అంత, అన్నాను. శిక్షకుడు ఇలాంటి మాట చెప్పి జీతం తీసుకోకూడదు. "సరే సార్," అంది.

అక్టోబరు 16

ఎడమచేత్తో రాస్తున్నాను. బడిపిల్లవాడి రాత. బతికే ఉన్నాను.

త్రినాథ్ తెల్లవారే ఫోను చేశాడు. ఉష స్నాచ్‌లో రెండుసార్లు తప్పింది. మూడోదీ తప్పితే పోటీ అక్కడితో ముగిసేది. మూడోసారి లేచి, బారును తల మీద నిలబెట్టిందట. దాన్ని నిలబెట్టింది కుడిచెయ్యేనని వాడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. తర్వాతి అంశంలో కుదుటపడింది. జట్టులో ఆఖరి స్థానం.

"ఆఖరిదైతే ఏటి మాస్టారూ, సోటు సోటే," అన్నాడు. ఫోను ప్రిస్కిల్లా చేతిలో పెట్టేశాను. మత్తు ఇంకా దిగలేదని నర్సుకు చెప్పాను.

అక్టోబరు 18

ఉష స్టేషను నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చింది. భుజాన సంచీ దించకుండానే మంచం పక్కన నిలబడింది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఫలితాన్ని తన నోటితోనే చెప్పాలని రైలంతా దాచుకుని వచ్చినట్టుంది. త్రినాథ్ చెప్పేశాడని ఆమెకు తెలియదు. ప్రిస్కిల్లా నోరు తెరవబోయింది. నేను కళ్ళతో వారించాను.

ఏమైందమ్మా అని అడిగాను.

ఆ పిల్ల తన కుడిచెయ్యి నా కుడిచేతిలో పెట్టింది. అరచేతి నిండా కాయలు. ఒకటి చిట్లి ఇంకా ఎర్రగా ఉంది.

"గట్టిగా పట్టండి సార్. పట్టినాక సెప్తాను."

పట్టాను. చిటికెన వేలు కదలలేదు. మిగతావి కదిలాయి.

"ఇది పట్టేటి సార్? మల్లీ."

నాకు అన్నీ తెలుసు. ఏమీ తెలియనివాడిలా ముఖం పెట్టి, మళ్ళీ పట్టాను.